బొమ్మక్కకుంట నీళ్ళు ఎర్రగా లేవు

"బొమ్మక్కకుంట గ్రామమందలి నూతన బోరు నీరు ఎర్రగా లేదనియు, ఎర్రగా ఉన్నట్లు ఎవరికైనను తోచినచో అది నీటి దోషము కాక చూచువారి మానసిక స్థితికి సంబంధించిన విషయమనియు, ఇందుమూలముగా సమస్త ప్రజానీకమునకు తెలియజేయడమైనది."

ఈ వాక్యం రాసింది నేనే. ఎవరూ నా చేయి పట్టుకుని రాయించలేదు. ఇప్పటికీ చదివినప్పుడల్లా దాని నడక నాకు నచ్చుతూనే ఉంటుంది. సూటిగా చెబితే పది మంది నవ్వే మాటను గ్రాంథికంలో చెబితే పది మంది లేచి నిలబడతారు!

నా పేరు రామదాసు. అనంతపురంలో ఒక కళాశాలలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. చెబుతాననడం మర్యాదకే. మూడేళ్ళుగా మా విభాగంలో ఒక్క విద్యార్థీ చేరలేదు. విభాగం ఉంది, బోర్డుంది, బీరువా ఉంది, నేనున్నాను. విద్యార్థులు లేని అధ్యాపకుణ్ణి ప్రభుత్వం ఊరికే కూర్చోనివ్వదు. అందుకని ఓటర్ల జాబితాలు సవరించాను. కంబదూరు వైపు తిరిగి కోళ్ళను లెక్కపెట్టాను. ఒకసారి దోమల నివారణ వారోత్సవంలో ముగ్గుల పోటీకి తీర్పరిగా కూడా కూర్చున్నాను.

ఒక గదిలో ఒంటరిగా ఉంటాను. ఒంటరివాడికి తన మనసే పక్కింటివాడు. వాడేం చేస్తున్నాడో కిటికీలోంచి చూస్తుండటం నా కాలక్షేపం. ఈ వ్యవహారంలో వాడు చేసిన పనులు కూడా దాచకుండా చెబుతాను.

జూన్ నెలలో ఒకనాడు శుద్ధజల సంతృప్తి విభాగం నుంచి పిలుపొచ్చింది. పేరు చూసి వీళ్ళు నీళ్ళిస్తారని అనుకోకూడదు. నీళ్ళిచ్చేవాళ్ళు వేరే ఉన్నారు. వీళ్ళు ఆ నీళ్ళవల్ల ప్రజలకు కలిగిన సంతృప్తిని కొలుస్తారు. ఆ విభాగాధికారి సురేంద్ర గారు లేచి నాకు కుర్చీ వేశారు. నాకు కుర్చీ వేసినవాళ్ళను చూస్తే నాకు భయం.

"రామదాసు గారూ, బొమ్మక్కకుంట పేరు విన్నారా?"

"ధర్మవరం నుంచి కళ్యాణదుర్గం పోయే దారిలో ఉంటుంది కదండీ."

"ఆడనే. ఆరేళ్ళుగా ఆ ఊరికి టాంకరు పోతాండాది. ఈ ఏడు తొమ్మిది వందల అడుగులకు బోరు పడింది సార్! నీళ్ళు చూస్తే అద్దం! వచ్చే నెల ఒకటో తేదీ నుంచి టాంకరు బంద్. 'టాంకరు రహిత గ్రామం' అని ప్రకటించేదానికి రాజధాని నుంచి పెద్దాయన వస్తాండారు."

"శుభం."

"యాడ శుభం! ఆ ఊరి ఆడోళ్ళు నీళ్ళు ఎర్రగా ఉండాయంటారు."

జరిగింది ఆయన వరుసగా చెప్పారు. ఫిర్యాదు రాగానే అధికారులు వెళ్ళి బోరు దగ్గర నీళ్ళు పట్టి చూశారు. నీళ్ళు తెల్లగా ఉన్నాయి. నీళ్ళు తెల్లగా ఉండి బిందెలో ఎర్రబడితే తప్పు బిందెది. కనుక బిందెల శుభ్రతా వారం నడిపారు. ఎరుపు పోలేదు. ఇంటికొక కొత్త స్టీలు బిందె పంచారు. స్టీలు బిందెలోనూ ఎరుపే! అయితే తప్పు కళ్ళది. కంటి పరీక్షల శిబిరం పెట్టి పదకొండు మందికి కళ్ళద్దాలిచ్చారు. ఆ పదకొండు మందికీ ఇప్పుడు ఎరుపు ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది.

"నీళ్ళు బాగుండాయి, బిందెలు బాగుండాయి, కండ్లు బాగుండాయి," అంటూ సురేంద్ర గారు మూడు వేళ్ళు మడిచారు. "ఇంక మిగిలిందేంది సార్? మనసే కదా! ఇది నీళ్ళ కేసు కాదు. మీ కేసు. మీ శాస్త్రంలో సామూహిక భ్రమ అని ఏదో ఒగటి ఉండాదంట కదా?"

"ఉందండీ."

"ఆ ఒక్కమాట రాసియ్యండి, చాలు. మీ విభాగాన్ని మూసేసే ఫైలు మా బావమరిది బల్ల మీద ఉండాది. దాన్ని కదలనీయకుండా నేను చూసుకుంటా."

సామూహిక భ్రమ అంత తేలిగ్గా తేలే విషయం కాదనీ, పరిశీలన అవసరమనీ గంభీరంగా చెప్పాను. పక్కింటివాడు అప్పటికే ఒప్పేసుకున్నాడు.

మర్నాడు జీపులో బయలుదేరాను. డ్రైవరు ఓబిలేష్. నా సంచిలో నోటుపుస్తకం, రెండు పెన్నులు, అనంతపురంలో నింపుకున్న రెండు లీటర్ల నీళ్ళ బాటిలు ఉన్నాయి. బాటిలు ఎందుకంటే, ప్రత్యేకించి కారణమేమీ లేదు. అలవాటు.

ఫిర్యాదు కాగితం మీద మొదటి సంతకం భద్రమ్మది. ధర్మవరం మగ్గాలకు పట్టునూలు రంగులద్ది ఇవ్వడం ఆమె పని. యాభై ఏళ్ళుంటాయి. నేను వెళ్ళేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా ఆకుపచ్చగా ఉన్నాయి. 'రంగులతో నిత్యసంబంధం గల వృత్తి. భ్రమకు అనుకూలం' అని రాసుకున్నాను.

"నువ్వేనా మా తలకాయలు చూసేదానికి వచ్చిన డాక్టరు?" అంది.

"డాక్టర్ని కాదమ్మా, అధ్యాపకుణ్ణి."

"ఏదో ఒగటి. రా, చూడు."

ఇంటి పక్కనే ఉన్న బోరు ఆన్ చేసి బిందె పట్టింది. నీళ్ళు నిజంగానే అద్దంలా ఉన్నాయి. అడుగున తయారీదారు పేరు చదవగలిగాను.

"తెల్లగానే ఉన్నాయి కదమ్మా!"

"ఉంటాయి. గంటసేపు కూర్చో."

"గంటా?"

బయట ఓబిలేష్ హారన్ కొట్టాడు. ఈ ఊళ్ళో ఇరవై నిమిషాలే ఉండాలని నా పర్యటన కాగితంలో ఉంది.

"అదో! కొట్టినాడు!" అంది భద్రమ్మ. "వచ్చినోళ్ళందరిదీ ఇదే కత. నీళ్ళు పట్టేంతసేపు ఉంటారు, ఎర్రబడేంతసేపు ఉండరు. పెండ్లిచూపులకు వచ్చినోళ్ళు గూడా ఇంతకంటే ఎక్కువసేపు కూర్చుంటారు గదప్పా!"

లోపలికెళ్ళి చిలపగా చుట్టిన ఒక పట్టునూలు కట్ట తెచ్చి నా ఒళ్ళో పడేసింది. దాని మీద అక్కడక్కడ తుప్పు మరకలు, పాత మేకు ఆనించి ఆరేసినట్టు.

"పెండ్లికూతురి చీరకు ఇచ్చిన నూలు ఇది. మీగడ రంగు రావాల. ఎట్లొచ్చిందో నువ్వే చూడు. మగ్గమోళ్ళు ఎనక్కి ఇచ్చేసినారు. టాంకరు నీళ్ళతో అద్దితే మీగడ మాదిరే వస్తాది. ఒకటో తేదీ టాంకరు నిల్చిపోతే నా పని గూడా నిల్చిపోయినట్లే. నేనూ మా ఇంటాయనా బెంగుళూరికి పోయి ఇటుకలు మోసుకోవాల. ఈ వయసులో!"

"మీ బాధ నాకు అర్థమవుతోంది," అన్నాను. మా శాస్త్రంలో మొదటి సంవత్సరంలోనే నేర్పే వాక్యం ఇది.

"బాధ కాదు సామీ నువ్వు అర్తం చేసుకునేది. నీళ్ళు!"

ఆమె బోరు నీళ్ళతో కాచిన టీ తెచ్చింది. పాలు పోసినా సిరాలాగా నల్లగా ఉంది. నేను టీ తాగనన్నాను. రోజుకు నాలుగుసార్లు తాగుతాను. నా బాటిలు తీసి రెండు గుక్కలు వేసుకున్నాను.

"అవి యాడి నీళ్ళప్పా?"

"అనంతపురంవి."

"ఊఁ," అంది భద్రమ్మ.

'ప్రతిస్పందన స్వల్పం' అని రాసుకున్నాను.

తిరుగుదారిలో నీళ్ళ పరీక్షశాల దగ్గర జీపు ఆపించాను. అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసే కృపాకుమారిది ఉరవకొండ. ఒకప్పుడు మా కళాశాలలో చదివింది. నన్ను చూసి స్టూలు తుడిచింది.

"ఆ ఊరి నీళ్ళు ఎర్రబడటం నిజమేనా అమ్మా?"

"నిజమే సార్. తొమ్మిది వందల అడుగుల కింద గాలి ఉండదు. కంటికి కనపడని జీవులు మాత్రం ఉంటాయి. తిన్నదాంట్లోంచి శక్తి తీసుకున్నాక ఒంట్లో ఎలక్ట్రాన్లు మిగుల్తాయి. వాటిని ఎవురికో ఒగరికి అప్పజెప్పాల. మనం గాలికి అప్పజెప్తాం. ఊపిరంటే అదే. వాటికి గాలి లేదు. అప్పజెప్పకపోతే చస్తాయి."

"మరి ఎవరికి అప్పజెబుతాయి?"

"పక్కనుండే రాయికి."

"రాయిని మింగుతాయా?"

"మింగలేవు సార్. ఒంట్లోంచి తీగ మాదిరి సన్నటిది బయటికి సాచి రాయికి ఆనిస్తాయి. దాంట్లోంచి కరెంటు పోయినట్టు ఎలక్ట్రాన్లు రాయిలోకి పోతాయి. అవి పుచ్చుకొని రాయిలో ఉండే ఇనుము కరిగి నీళ్ళలో కలుస్తాది. కరిగిన ఇనుముకు రంగు లేదు. పైకొచ్చి గాలి తగిల్తే మళ్ళా తుప్పు. గంటో రెండు గంటలో పడతాది."

"పైపు మూతి దగ్గర ఎర్రటి జిగట చూశాను."

"అవి ఇంగో రకం సార్. అవి ఇనుము కాడ్నుంచి ఎలక్ట్రాన్లు తీసుకొని బతుకుతాయి. కిందుండేవి ఇచ్చేవి. పైనుండేవి తీసుకునేవి."

ఇరవై రెండేళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేసినవాణ్ణి. ఈ ఏర్పాటు నాకు కొత్తగా అనిపించలేదు.

"మరి మీ నివేదికలో ఇనుము సున్నా అని ఉందే?"

"రూలు ప్రకారం చేసినాం సార్. సీసా ఈడికి వచ్చేలోపల అడుగున ఎర్రమడ్డి దిగుతాది. మడ్డి ఉంటే వడగట్టి పరీక్ష చేయమని రూలు. వడగట్టినాం. ఇనుమంతా వడపోత కాగితం మీద నిల్చిపాయె. నీళ్ళలో సున్నా."

"కాగితాన్ని పరీక్షించవచ్చు కదా?"

"కాగితాన్ని పరీక్ష చేయమని రూలు లేదు సార్."

కృపాకుమారి సొరుగు లాగింది. అందులో గుండ్రటి కాగితాలు పదిహేడు. ఒక్కొక్కటీ నుదుటి కుంకుమంత ఎర్రగా ఉంది.

"పారేయబుద్ధి కాలేదు," అంది.

"పై అధికారులకు రాయలేదా?"

"రాసినాను. నీకు కాంట్రాక్టు మళ్ళా కావాల్నా వద్దా అని జవాబొచ్చింది."

ఆ ఆదివారమంతా గదిలో కూర్చుని రాతిలోని ఆ జీవి గురించే ఆలోచించాను. చీకట్లో, గాలి లేనిచోట, తన దగ్గరున్నదాన్ని ఎవరికీ ఇవ్వలేక ఉక్కిరిబిక్కిరవుతూ, చివరికి రాయికి చేయి ఆనించే జీవి. నా దగ్గరా ఒకటి ఉంది: ఆ నీళ్ళు ఎర్రబడతాయని నాకు తెలుసు. తెలిసినదాన్ని లోపలే ఉంచుకుంటే ఊపిరాడదు. ఎవరికో అప్పజెప్పాలి. సురేంద్ర గారికి చెప్పవచ్చు, విభాగం పోతుంది. భద్రమ్మకు చెప్పవచ్చు, ఆమెకు ముందే తెలుసు. ఎదురుగా తెల్లకాగితం ఉంది. కాగితం రాయి కంటే మెత్తనిది. ఏది అంటగట్టినా మారుమాట్లాడదు.

ఇరవై రెండు పేజీలు రాశాను. పరిశీలన మొదలుపెట్టినప్పుడు భ్రమకు కారణం చిక్కలేదు. తొమ్మిదో పేజీలో చిక్కింది. ఆరేళ్ళు ప్రతిరోజూ ఇంటి ముందుకు వచ్చిన టాంకరు ఇక రాదని తెలిసినప్పుడు మనసు ఆ ఎడబాటును భరించలేక కొత్తనీటిలో దోషం వెతుక్కుంటుంది. దీనికి 'టాంకరు వియోగ వ్యాకులత' అని పేరు పెట్టాను. పెట్టినప్పుడు నాకు నిజంగా ఆనందం కలిగింది. జీవితంలో మొదటిసారి ఒక జబ్బును కనిపెట్టాను!

"టాంకరు వియోగ వ్యాకులత!" అని సురేంద్ర గారు రెండుసార్లు పలికి కళ్ళు మూసుకున్నారు. "ఎంత మాట సార్! దీని ముందర ఎవుడైనా నోరెత్తగలడా!"

సభ జూలై ఒకటిన. ఉదయం పదిన్నరకు పెద్దాయన వస్తారు. బోరు పక్కన షామియానా వేశారు. మా జిల్లా గాలికి షామియానా ఎప్పుడు లేచి కళ్యాణదుర్గం పోతుందోనని నలుగురు గుంజలు పట్టుకుని నిలబడ్డారు. వేదిక మీద ఒకే పొడవాటి బల్ల, నేలదాకా వేలాడే తెల్లటి గుడ్డ, తొమ్మిది కుర్చీలు. హోదా ప్రకారం ఈ చివర పెద్దాయన, పక్కన సురేంద్ర గారు, తర్వాత వివిధ శాఖల ఆరుగురు, ఆ చివర నేను.

ప్రతి కుర్చీ ముందూ ఒక గాజు జగ్గు, ఒక గ్లాసు. ఊరి మహిళలే సరిగ్గా పది గంటలకు కొత్త బోరు నీళ్ళతో జగ్గులు నింపాలనీ, అందరూ చూస్తుండగా అతిథులు వాటినే సేవించాలనీ సురేంద్ర గారు స్వయంగా సంతకం చేసిన ఆదేశం ఉంది. భద్రమ్మ పది గంటలకు నింపింది. తొమ్మిది జగ్గులూ తళతళలాడాయి. ఫొటోలు తీశారు.

పదిన్నరకు పెద్దాయన రాలేదు. ధర్మవరంలో ఒక ప్రారంభోత్సవం ఉందన్నారు. పదకొండుకు రాలేదు. రెండో ప్రారంభోత్సవం ఉందన్నారు. పన్నెండుకు భోజనంలో ఉన్నారన్నారు.

పదకొండుకు జగ్గుల్లో నీళ్ళు కొబ్బరినీళ్ళలా మసకబారాయి. పదకొండున్నరకు పలచటి మజ్జిగలో పసుపు కలిసినట్టయ్యాయి. పన్నెండున్నరకు కాషాయం. ఒంటిగంటకు మా జిల్లా మట్టి.

నేను మనిషి చూపును అధ్యయనం చేసినవాణ్ణి. ఎదురుగా జగ్గులున్నప్పుడు ఎనిమిది మంది పెద్దమనుషులు వాటిని చూడకుండా రెండున్నర గంటలు కూర్చోవడం ఎంత శ్రమో నాకు తెలుసు. ఒకాయన ఆకాశం చూశాడు. ఒకాయన ఫోన్ ఆపేసి ఆ నల్లటి అద్దంలోకి చూశాడు. ఇంకొకాయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

చివరికి సురేంద్ర గారు కిందికి దిగి భద్రమ్మ దగ్గరికెళ్ళారు. మెల్లగానే అన్నారు గాని గాలి మా వైపే ఉంది.

"ఏమమ్మా, ఆ జగ్గులు పారబోసి మళ్ళా పట్టు."

"యాల సార్?"

"పట్టమంటే పట్టు!"

"పది గంటలకు పట్టమని మీ సంతకముండే కాయితం నా కాడ ఉండాది. మళ్ళా పట్టల్లంటే ఇంగో కాయితం ఇయ్యండి. ఎందుకు పారబోస్తాండారో గూడా దాంట్లో రాయండి."

సురేంద్ర గారు పెన్ను మూత తీశారు. 'ఎర్రబడినందున' తప్ప రాయడానికి మరో మాట దొరక్కపోవడంతో మూత పెట్టేసి వచ్చి కూర్చున్నారు.

ఒంటిగంటా పదిహేను నిమిషాలకు పెద్దాయన వచ్చారు. దండలు పడ్డాయి. సురేంద్ర గారు మైకు ముందు నిలబడి నా నివేదికలోని ప్రకటనను చదివారు, గంభీరంగా, పొల్లు పోకుండా. ఎర్రగా ఉన్నట్లు ఎవరికైనను తోచినచో అది చూచువారి మానసిక స్థితి అన్నప్పుడు పెద్దాయన మెచ్చుకోలుగా తలాడించారు.

"ఇప్పుడు మన పెద్దాయన ఈ అమృతజలాన్ని సేవిస్తారు!"

ఫొటోలవాళ్ళు ముందుకొచ్చారు. పెద్దాయన నవ్వుతూ జగ్గు అందుకుని గ్లాసులో పోశారు. నవ్వు అలాగే ఉండిపోయింది. నోరు మాత్రం అనేసింది.

"ఇదేమిటి, ఎర్రగా ఉన్నాయే!"

అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి భద్రమ్మ గొంతు వినిపించింది. అందులో నిజమైన సానుభూతి ఉంది.

"అయ్యో సామీ! మీకూ వచ్చిందా మా జబ్బు!"

పెద్దాయన సర్దుకున్నారు. ఆ స్థాయికి ఊరికే రాలేదు మరి. "నేను ఎర్రగా ఉన్నాయనలేదు. ఉన్నాయా అని అడిగాను. సురేంద్ర గారూ, మీరు తాగి చూపించండి, ప్రజలకు నమ్మకం కలుగుతుంది," అని గ్లాసు పక్కకు జరిపారు.

సురేంద్ర గారు గ్లాసును రెండు చేతులతో భక్తిగా అందుకున్నారు. "నాకు జలుబు సార్. ఇంజనీరు గారు తాగితే సాంకేతికంగా బాగుంటాది." ఇంజనీరు గారిది సోమవారం ఉపవాసం. ఆ రోజు బుధవారం. ఉపవాసం ఇంకా విడవలేదన్నారు. ఆయన పక్కనున్నాయన అప్పుడే మాత్ర వేసుకున్నారు. ఆ తర్వాతాయన, "మాది భూగర్భ జలాల శాఖండీ. పైకొచ్చాక మా పరిధి కాదు," అన్నారు. గ్లాసు చేతి నుంచి చేతికి వస్తోంది. ఒక్క చుక్క ఒలకలేదు. అంత జాగ్రత్తగా, అంత త్వరగా ఈ జిల్లాలో ఏ ఫైలూ కదలగా నేను చూడలేదు.

గుంజ పక్కన కృపాకుమారి నిలబడి ఉంది. ఆమె గ్లాసును చూడటం లేదు. గ్లాసు ఎక్కడికి రాబోతోందో అక్కడ, నా వైపు చూస్తోంది. అప్పుడు నాకు అర్థమైంది. దగ్గరున్నదాన్ని ఎవరికో ఒకరికి అప్పజెప్పాల్సినవాళ్ళు ఎనిమిది మంది. వరస చివరన ఉన్న రాయిని నేను.

గ్లాసు నా ముందు ఆగింది. నా పక్కన ఎవరూ లేరు.

"విషయ నిపుణులు రామదాసు గారు ఇప్పుడు తాగుతారు!" అన్నారు సురేంద్ర గారు మైకులో.

తర్వాత జరిగింది నేను ఆలోచించి చేసింది కాదు. చేయి దానంతటదే బల్లకిందికి వెళ్ళింది, గుడ్డ వెనక పెట్టుకున్న నా బాటిలు తీసింది, మూత తిప్పింది, నాలుగు గుక్కలు తాగించింది. నాలుగో గుక్క మధ్యలో నాకు మెలకువ వచ్చింది. ఊరంతా నన్నే చూస్తోంది.

"అదేంది సార్?" అంది భద్రమ్మ. "ఆ పొద్దు మా ఇంట్లో గూడా అదే తాగినావు. నీళ్ళు మంచివని రాసినోడివి, నీకు ఆ బాటిలు యాలప్పా?"

నేను బల్లగుడ్డ అంచు పట్టుకుని పైకెత్తాను.

దాన్ని ధైర్యమని రాసుకోవచ్చు. నిజం కోసం తెగించానని కూడా రాసుకోవచ్చు. కానీ పక్కింటివాణ్ణి కిటికీలోంచి చూసినవాణ్ణి. వాడి ఉద్దేశం ఒక్కటే: నేనొక్కణ్ణే కాదు!

అంచు చేతిలో నిలవలేదు. గాలి లాక్కుని గుడ్డంతా ఎగరేసి పెద్దాయన దండల మీద కప్పింది. బల్లకింద, తొమ్మిది జతల కాళ్ళ పక్కన, తొమ్మిది బాటిళ్ళు. సురేంద్ర గారిది ఉన్ని తొడుగుది. ఉపవాసమున్న ఇంజనీరు గారిది సగం ఖాళీ. పెద్దాయన సహాయకుడు పావుగంట ముందే వచ్చి పెట్టివెళ్ళిన బాటిలుకు ఇంకా చెమట పడుతోంది. నా బాటిలు చేతిలో ఉందని మర్చిపోయి తొమ్మిదన్నాను; ఎనిమిది కింద, ఒకటి పైన.

భద్రమ్మ వేదిక దగ్గరికొచ్చి వంగి చూసింది. "నీళ్ళు మంచివని చెప్పేదానికి వచ్చినోళ్ళు తొమ్మిది మంది. బాటిళ్ళు తొమ్మిది. ఒగరిదొగరు గూడా నమ్మలేదు గదప్పా, పంచుకోకుండా ఎవురిది వాళ్ళే తెచ్చుకున్నారు!"

ఫొటోలవాళ్ళు ఆ రోజు చాలా తృప్తిగా వెళ్ళారు.

తర్వాత వారం రోజులు కార్యాలయాల్లో పెద్ద చిక్కు నడిచింది. నీళ్ళు ఎర్రగా లేవని సభలో ప్రకటించారు కనుక ఇప్పుడు ఎర్రగా ఉన్నాయనడానికి వీల్లేదు. ఫొటోలు ఉన్నాయి కనుక టాంకరు ఆపడానికీ వీల్లేదు. దారి చూపింది నా నివేదికే. ఎనిమిదో రోజున ఆదేశం వచ్చింది:

"వేదికపై ఆసీనులైన అధికారులు స్వచ్ఛమైన నీటిని చూచి సేవించుటకు వెనుకాడినందున, వారు సామూహిక భ్రమకు లోనైనట్లు బహిరంగముగా రుజువైనది. గ్రామమందు ప్రారంభమైన ఈ వ్యాధి అధికారులకు సోకిన కారణమున, వారికి నయమగు వరకు టాంకరు సరఫరా యథాతథముగా కొనసాగవలెను. ఏ ఒక్కరికి నయమైనను టాంకరు ఆవశ్యకత పునఃపరిశీలించబడును. చికిత్స బాధ్యత రామదాసు గారిది."

రోగుల జాబితాలో ఎనిమిది పేర్లున్నాయి. పెద్దాయన పేరు లేదు. ఆ హోదాలో భ్రమలుండవు. ఎనిమిదో పేరు నాది. వైద్యుడి చోట కూడా నా పేరే.

మా విభాగం నిలబడింది. విద్యార్థులు లేకపోయినా రోగులున్నారు. ప్రతి గురువారం మూడు గంటలకు వాళ్ళంతా మా విభాగానికి వస్తారు. కృపాకుమారి పొద్దున పట్టిన బోరు నీళ్ళు ఒక గ్లాసులో తెచ్చి బల్లమీద పెడుతుంది.

"సురేంద్ర గారూ, ఈ నీళ్ళ రంగు?"

"తెల్లగా ఉండాయి."

"తాగండి."

"వద్దు సార్."

'పురోగతి లేదు' అని రాస్తాను. ఒక్కొక్కరికీ అదే.

నెల తిరిగాక భద్రమ్మ ఒకసారి అనంతపురం వచ్చి మా విభాగం తలుపు తోసింది. చేతులు ఈసారి పసుపుగా ఉన్నాయి. చంకలో పట్టుచిలప. అక్షరాలా మీగడ.

"టాంకరు నీళ్ళతో అద్దింది. చూడు, ఎట్లుండాదో!" అని బల్లమీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏమప్పా, మీ వాళ్ళకు నయమైతాందా?"

"లేదమ్మా. ఒక్కరికీ లేదు."

"మేలు. తొందరపడి నయం చేసేవు!"

లేవబోతూ ఆగి సంచిలోంచి సీసా తీసింది. "బస్సెక్కే ముందర బోరు కాడ పట్టుకొచ్చినా, నిండా, మూత బిగించి. గాలి తగల్లేదు." గ్లాసులో పోసి నా ముందు పెట్టింది. అద్దంలా ఉన్నాయి. "వాళ్ళ సంగతి సరే. నీ సంగతేంది? నాకేం హారన్ కొట్టేవోడు లేడు. గంటసేపు కూర్చో."

గంటసేపు కూర్చున్నాను. ఆమె తన నూలు సంగతులేవో చెబుతూనే ఉంది. రెండో గంటలో నీళ్ళు ఎర్రబడ్డాయి. ఎర్రబడుతున్నంతసేపూ చూశాను. వేరే వైపు చూడలేదు.

"ఎర్రగా ఉన్నాయమ్మా," అన్నాను.

"ఊఁ," అంది భద్రమ్మ.

ఆమె వెళ్ళాక, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడగలిగాను కనుక, రోగుల ఫైలు తీసి నా పేరు ఎదురుగా 'పూర్తిగా నయమైంది' అని రాశాను. సంతకం పెట్టబోతుంటే ఆదేశంలో ఆ వాక్యం గుర్తొచ్చింది. ఏ ఒక్కరికి నయమైనను టాంకరు ఆవశ్యకత పునఃపరిశీలించబడును. రాసింది కొట్టేసి 'పురోగతి లేదు' అని రాశాను.

అది భద్రమ్మ కోసమేనని నా పక్కింటివాడు అంటున్నాడు. విభాగం కోసం ఎంతమాత్రం కాదట. వాడు ప్రమాణం కూడా చేశాడు. చేస్తున్నప్పుడు వాడి ముఖం అద్దంలా తెల్లగా ఉంది. గంటసేపు కూర్చుని చూడాలి.